అమ్మ గదిలో కారే ఏసీ

అమ్మ మంచం పక్కన ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని చెబితే, మెకానిక్ రాత్రి చివరి పనిగా మా ఇంటికి వచ్చాడు. అమ్మకు స్పృహ లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

“పైపులో నాచు పేరుకుంది బాబాయ్. ఏసీ ఆపేసినా కారుతోందంటే లోపల చెరువే ఉన్నట్టుంది!” అని నవ్వుతూ, నిచ్చెనెక్కి కారే చోట వేలు అడ్డం పెట్టాడు.

చుక్క ఆగింది. అమ్మ ఊపిరీ ఆగింది.

“వేలు తియ్యి నాయనా!” అని అరిచాను.

చుక్క పడింది. అమ్మ ఛాతీ లేచింది. మరో చుక్క, మరో ఊపిరి. ఇది ఎవరు పెట్టిన లెక్కో నాకు తెలియదు. నా చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

మెకానిక్ మెల్లగా నిచ్చెన దిగాడు. “బాగుచెయ్యమంటారా?” అని గుసగుసగా అడిగాడు.

నేను చుక్కల కింద నిండిన బకెట్ తీసి ఖాళీది పెట్టాను. ఆ నీళ్లు పారబొయ్యడానికి మాత్రం మనసొప్పలేదు.