సరస్సులో దొరికిన వెండి పెన్నీ

సార్జంట్ లవెల్ చిన్న ప్లాస్టిక్ సంచిని బల్ల మీద పెట్టాడు. అందులో ఒక వెండి పెన్నీ ఉంది.

“పక్కటెముకల మధ్య ఇరుక్కుని ఉందండీ డాక్టర్ గారూ. ఎండలకు సరస్సు ఇంకిపోయి, పాత మఠం గట్టు కింద ఎముకలు బయటపడ్డాయి. ఆ మఠం నాటి సన్యాసి ఎముకలే అయితే మ్యూజియానికి ఇచ్చేస్తాం. లాబ్ రిపోర్టుకి ఆరు నెలలట. మీరు నాణెం కాలం చెబితే ఈ రోజే ఫైలు మూసేస్తాను.”

అల్టన్ క్రీన్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఐర్లండ్‌లో అచ్చు మీద సుత్తితో కొట్టి చేసిన పాత నాణెం ఎక్కడ దొరికినా కాలం తేల్చేది ఆయనే. నలభై ఏళ్ళుగా ఆయన మాటకు తిరుగు లేదు. రిటైరయ్యాక కూడా ఇంటికే తెస్తున్నారు.

తలుపు దగ్గర కుర్చీలో ఒక ముసలావిడ కోటైనా విప్పకుండా కూర్చుంది.

“డింప్నా హెనెహన్ అని, వద్దన్నా వచ్చింది,” అన్నాడు సార్జంట్ గొంతు తగ్గించి. “ఎక్కడ ఎముకలు దొరికినా వస్తుంది.”

“నాకింకా చెవుడు రాలేదు నాయనా,” అందామె. తర్వాత అల్టన్ వైపు తిరిగింది. “మా తమ్ముడి కోసం సార్. మలకీ. డెబ్బై మూడులో ఇంట్లోంచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఓడెక్కి లివర్‌పూల్ పోయాడన్నారంతా. వదిలేసి పోయాడని అమ్మ వాణ్ణి తిట్టుకుంటూనే కన్నుమూసింది. నేనూ తక్కువ తిట్టలేదు.”

అల్టన్ భూతద్దం తీసుకున్నాడు. త్రికోణంలో రాజు ముఖం. గడ్డం కింద నక్షత్రం.

“నక్షత్రం రకమే కదండీ?” సార్జంట్ ముందుకు వంగాడు. “మీ పుస్తకం తిరగేసే వచ్చాను. లోకం మొత్తం మీద ఆరే ఉన్నాయని రాశారు. ఎడ్వర్డ్ రాజు నాటివి. ఏడొందల ఏళ్ళు! ఇది ఏడోదన్నమాట.”

అల్టన్ సంచిని తిప్పి నాణెం రెండో వైపు చూశాడు.

“చెప్పండి సార్,” అంది డింప్నా. “సన్యాసిదైతే నాకు బస్సుంది, వెళ్ళిపోతాను.”

ఒక్క మాట చాలు. సార్జంట్ సంతకం తీసుకుంటాడు. ఆమె బస్సెక్కుతుంది. ఏడో నాణెం సంగతి రేపు పేపర్లలో వస్తుంది, ఆయన ఫోటోతో సహా.

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. లేచి, కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“ఇది డెబ్బై మూడు అక్టోబరు నాటిది అక్కా,” అన్నాడు, “మా నాన్న కొలిమిలో మలకీ అచ్చును పట్టకారుతో పట్టుకుంటే, సుత్తి దెబ్బ వేసింది నేనే.”