టవర్ అందింది

"మీరు కాల్ చేస్తున్న నంబరు ప్రస్తుతం కవరేజ్ పరిధిలో లేదు."

పొద్దుటినుంచి అదే మాట. తుపాను దారి మళ్లి మొగల్తూరు వైపే వస్తోందని మైకులో చెబుతున్నారు. వేటకెళ్లిన ఏడుకొండలుకి ఆ సంగతి తెలీదు.

ఊళ్లో కరెంటు పోయి సిగ్నల్ లేకపోవడంతో, అతని భార్య నాగవేణి సముద్రం ఒడ్డుకొచ్చి ఫోన్ చేస్తోంది.

"లోపలికెళ్తే టవర్ అందదు వదినా," అన్నాడు పక్కనున్న మరిది. "పడవ ఒడ్డుకి దగ్గరైందంటే ఫోను దానంతటదే టవర్‌ని పట్టుకుంటది. అప్పుడు రింగవుద్ది. కొడతానే ఉండు."

కొట్టింది. మళ్లీ కొట్టింది.

రింగయింది!

"దగ్గరికొచ్చేశాడు వదినా!" మరిది ఆనందంతో గట్టిగా అరిచాడు. ఒడ్డునున్న ఆడవాళ్లంతా గంగమ్మతల్లికి దణ్ణాలు పెట్టుకున్నారు.

అవతల ఫోన్ ఎత్తారు.

"ఏవండీ, ఎక్కడిదాకా వచ్చారు?"

"నేనే అమ్మాయ్," అంది ఇంటి దగ్గరున్న అత్తగారు. "ఇప్పుడే ఊళ్లోకి కరెంటూ సిగ్నలూ వచ్చాయి. వాడి ఫోను బియ్యం డబ్బాలో మోగుతోందే! తడిసిందని ఆరబెట్టి, తీసుకెళ్లడం మర్చిపోయినట్టున్నాడు."

నాగవేణి ఫోన్ చెవి దగ్గర్నుంచి కిందికి దించింది.

మరిది సముద్రం వైపు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"ఎక్కడున్నాడంట వదినా?"