కొంగజపం

ఎండలకు చెరువు సగం ఇంకిపోయింది. బురదలో పడుకున్న గేదెకి, పొద్దుటి నుంచీ ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డ కొంగను చూసి చూసి చిరాకేసింది.

"చాల్లేవే నీ దొంగజపం! ఆ రెండో కాలు కూడా కింద పెడితే నీ సొమ్మేం పోయింది?"

కొంగ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "రెండో కాలు లేదు వదినా. పోయినేడు వేటగాడి ఉచ్చులో తెగిపోయింది."

గేదె నెమరు ఆపేసింది. "అయ్యో! ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నాను, ఒక్క మాటైనా చెప్పలేదేమే?"

"చెప్పుకుంటూ కూర్చుంటే చేప దొరకదుగా. గూట్లో మూడు నోళ్ళున్నాయి."

ఏదో ఒకటి అని ఓదార్చాలనుకుంది గేదె. చుట్టూ చూసింది. "పోన్లే, దిగులు పడకు. అదిగో, ఆ కొంగలూ ఒంటికాలి మీదే నిలబడ్డాయి. నీకూ వాటికీ పెద్ద తేడా ఏముందని!"

"నొప్పి పుడితే వాళ్ళు కాలు మార్చుకుంటారు వదినా," అంది కొంగ నీరసంగా.

"మరి నీకు నొప్పి పుడితే?"

అంతలో నీళ్ళు కదిలాయి. కొంగ చటుక్కున చేపను అందుకుని గూటికి ఎగిరిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి, అదే కాలి మీద నిలబడింది.