తొక్కల బొగ్గు

“ఒసేయ్ బొగ్గులమ్మా! ఇవాళ నీ బొగ్గు గానీ కొంప ముంచిందో, జన్మలో నీ మొహం చూడను,” అన్నాడు అన్నయ్య, గేటు వైపే చూస్తూ.

“ముంచదులే. నీళ్లు ఎంత తేటగా దిగుతున్నాయో చూడు.”

“నీళ్లంటే మన బావివే! నీ తొక్కల్లోంచి దిగినవీ నీళ్లేనా? తొక్కలో చదువూ నువ్వూ!”

చెల్లెలు బొగ్గు నింపిన డ్రమ్ము కుళాయి కట్టేసింది. అద్దకంవాడికి చేతికి రంగు ఎంతో, నోటికి తిట్టు అంత. వేరుశనగ తొక్కల్ని గాలి చొరని డ్రమ్ములో మాడ్చి, ఆవిరి పట్టించి, కంటికి కనపడని బెజ్జాలు పడేలా చేసిన బొగ్గు అది. అద్దకం నీళ్లు అందులోంచి దిగేటప్పుడు రంగూ విషమూ ఆ బెజ్జాల్లో చిక్కుకుపోతాయి. అయినా కాలుష్య మండలి అధికారి తీసుకెళ్లే నీళ్ల నమూనా తప్పిందంటే, నాన్న పెట్టి పోయిన అద్దకం షెడ్డుకి తాళమే. పైగా వదిన నిండు చూలాలు.

అధికారి వచ్చాడు. బొగ్గు డ్రమ్ము కుళాయి కింద సీసా నింపి, వెలుతురుకి ఎత్తి చూసి, బల్లమీద పెట్టాడు.

“ఇన్నాళ్లూ రంగునీళ్లు ఎక్కడ పోసేవారమ్మా?”

“గోడ వెనక గుంటలో సార్. రండి, చూపిస్తాను.”

అన్నయ్య మాత్రం కదల్లేదు.

గుంట అడుగున నీలం బురద తప్ప చుక్క నీరు లేదు. “మీ నాన్నగారి నాటినుంచీ పోస్తున్నారుగా, నిండలేదేం?”

“ఎన్ని పోసినా భూమి తాగేస్తుంది సార్.”

ఇంటివైపు నుంచి బావి గిలక కీచుమంది. టీకోసం వదినే తోడుతోంది కాబోలు, ఈ ఒంటితో ఆ పనులెందుకో అని చెల్లెలు విసుక్కుంది.

తిరిగొచ్చేసరికి వదిన పొగలు కక్కుతున్న టీతో గుమ్మంలో ఉంది. అన్నయ్య తడిచేతులు తుడుచుకుంటున్నాడు. అధికారి టీ తాగి, సీసాకి లక్కముద్ర వేసి పట్టుకుపోయాడు.

“ఇంక మనకి ఢోకా లేదు,” అని నవ్వాడు అన్నయ్య. హమ్మయ్య, ఇన్నాళ్లకి నమ్మాడు అనుకుంది చెల్లెలు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే అధికారి కాగితం పట్టుకుని దిగాడు.

“రంగు లేదు గానీ క్రోమియం ఉంది. మీ అద్దకంలో వాడే విషమే. ఈ నీళ్లు గొడ్లకి కూడా పనికిరావు. షెడ్డు మూసెయ్యాల్సిందే.”

“అయ్యో, అలా రాకూడదే! ఎన్నిసార్లు పరీక్ష చేశానో...” చెల్లెలు కూలబడిపోయి బావురుమంది. “అన్నయ్యా, నేనే ముంచాను మన కొంప. తిట్టు. ఎంత తిడతావో తిట్టు.”

అన్నయ్య తిట్టలేదు. మొహాన నెత్తురు చుక్క లేదు. అతని చూపు వంటింటి మీద ఉంది. అక్కడ వదిన కడవలోంచి గ్లాసు ముంచుకుని నోటిదాకా ఎత్తింది.

“తాగకే!” ఒక్క ఉరుకున వెళ్లి గ్లాసు లాగి విసిరేశాడు.

“ఇదేం చోద్యమండీ! మన బావినీళ్లేగా?” అంది వదిన బిత్తరపోయి.

అన్నయ్య గోడకి చేరబడిపోయాడు. 

“ఆ సీసాలో నేను మార్చి పోసినవీ అవే.”