పెళ్లికూతురి వేషం

"ఈసారి అవ్వ వేషం కట్టను. పెళ్లికూతురి వేషం నాది," అంటూ నటి తొమియె స్క్రిప్టు వెనక్కి తోసింది.

నాటకం నిర్మాత సెగావా చేతిలో టీ ఒలికింది. "అమ్మగారూ, ఆ పిల్లకి పదహారేళ్లు. మీకు తొంభై దాటాయి!"

"నాకు ముప్ఫయ్యేళ్లప్పుడు సినిమావాళ్లు పళ్లకి మసి పూసి నన్ను అవ్వని చేశారు. అప్పుడెవరికీ నా వయసు గుర్తురాలేదే?"

"జనం నవ్వుతారండీ."

తొమియె లేచి కిటికీ తెర పక్కకి లాగింది. వీధికి అవతల, జపాను పాతకాలపు నాటకాలాడే కబుకి నాటకశాల గోడ మీద నిలువెత్తు బొమ్మ ఉంది. తెల్లటి ముఖం, ఎర్రటి పెదవులు, సిగ్గుపడుతున్న రాకుమారి.

"ఆ వేషం కట్టిందెవరు?"

"ఇంకెవరు, మన కబుకి పెద్దాయనే. ఎనభై నాలుగేళ్లు! అబ్బ, ఆ తల వంచడంలోనే పదహారేళ్లు కనిపిస్తాయండీ. మా అమ్మ ఏడ్చేసింది."

"మగాడు గదయ్యా?"

"కబుకిలో ఆడవేషాలు మగాళ్లే కడతారు గదండీ. కళకి ఆడా మగా, వయసూ ఏమిటండీ..."

అనేశాక సెగావా నాలుక కరుచుకున్నాడు.

తొమియె స్క్రిప్టు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఆయనకి లేని అనుభవం నాకొకటి ఉంది బాబూ. నేను ఒకప్పుడు నిజంగానే పదహారేళ్ల ఆడపిల్లని."