పన్నెండు అడుగులు

"గుట్ట మీద పైసలు పెట్టేది మీరేనా సార్?"

తలుపు దగ్గర ఒక ముసలాయన. మాసిన చొక్కా. మేడ మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

రవిచంద్ర తలెత్తాడు. అబిడ్స్‌లో ఆ గది శ్యామ్‌సుందర్ ఆఫీసు. క్వారీ ఒప్పందానికి స్టాంపు కాగితాలు తెస్తానని శ్యామ్‌సుందర్ నాంపల్లి వెళ్లి అరగంటైంది. హిమాయత్‌నగర్‌లో బట్టల కొట్టు అమ్మిన ముప్పై లక్షలు రవిచంద్ర ఒళ్లోని సంచిలో ఉన్నాయి.

"నేనే. మీరెవరు?"

"అది ఇడ్సిపెట్టున్రి. లాభం ఎంతని చెప్పిన్రు మీకు?"

రవిచంద్ర బల్ల మీది కాగితం చూపించాడు. "తెల్లటి పలుగురాయి పొర. రెండు వందల అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, అరవై లోతు. పదిహేడు వేల టన్నులు. ఖర్చులు పోను టన్నుకి ఐదు వందలు. ఎనభై ఐదు లక్షలు."

"పొడవు నిజమే. వెడల్పు నిజమే. లోతు ఎవరు చూసిన్రు?"

రవిచంద్ర కాగితాన్ని మళ్లీ తన వైపుకి తిప్పుకున్నాడు.

"నేను చూసిన. నలభై ఏండ్ల కింద గా గుట్టకు బోరేసిన. పన్నెండు అడుగులకే తెల్లరాయి అయిపోతది. కింద ఉత్త నల్లరాయి. వచ్చిన రాయి మీరు దారి ఏసిన ఖర్చుకు గూడ సరిపోదు. సంతకం పెట్టకున్రి."

వెనక చప్పుడైంది. కాగితాలతో శ్యామ్‌సుందర్ వచ్చాడు.

ముసలాయన్ని చూడగానే అతని మొహం పాలిపోయింది. మరుక్షణం ఎర్రబడింది.

"ఎవడ్రా నువ్వు?"

ముసలాయన అతని కళ్లలోకి చూశాడు.

"ఎవ్వన్ని గాను," అన్నాడు.

"పక్క క్వారీవాళ్లు పంపిన్రు సార్ వీన్ని! మనం వదులుకుంటే వాళ్లు కొట్టేద్దామని!"

చెంప మీద కొట్టాడు శ్యామ్‌సుందర్. డొక్కలో గుద్దాడు. బల్ల మీది పలుగురాయి ముక్క తీసి నుదుటి మీద మోదాడు. నెత్తురు కనుబొమ్మ దాటి చొక్కా మీదికి కారింది.

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టలేదు. కేకైనా వెయ్యలేదు.

"సంతకం పెట్టకున్రి," అన్నాడు మళ్లీ.

కొట్టు అమ్మిన రోజు నుంచి రవిచంద్ర కడుపులో దాచుకున్న భయమంతా ఒక్కసారిగా కోపమై చేతుల్లోకి వచ్చింది. ముసలాయన కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. మెట్ల మీద నుంచి తోసేశాడు.

పద్నాలుగు మెట్లు. అడుగున తల తగిలిన చప్పుడు పైదాకా వినిపించింది. కింద ఎవరో ఆటోని కేకేశారు.

"నాటకాలు," అన్నాడు శ్యామ్‌సుందర్. కిందికి చూడకుండా బల్ల మీద కాగితాలు పరిచాడు. "మీరు సంతకం పెట్టున్రి సార్."

రవిచంద్ర పెట్టాడు. డబ్బు సంచి అతని చేతికిచ్చాడు.

రెండు నెలల తర్వాత పన్నెండో అడుగు దగ్గర తెల్లరాయి అయిపోయింది. ఆ కింద ఎంత తవ్వినా నల్లరాయే. శ్యామ్‌సుందర్ ఫోను అప్పటికి ఎన్నాళ్లుగానో పలకడం లేదు.

ఇనప రాడ్డు పట్టుకుని, ఒప్పందంలో ఉన్న చిరునామా వెతుక్కుంటూ గౌలిగూడ వెళ్లాడు రవిచంద్ర. మూసి ఉన్న తలుపు మీద రాడ్డుతో బాదాడు. చెక్క చీలింది.

తలుపు తీసినామె బెదరలేదు.

"శ్యామ్‌సుందర్ ఏడీ?"

"నా మొగని కోసం మీరు నాలుగో ఆయన. గదులన్ని ఎతుక్కోన్రి. మా మామ పోయిన నాడే పారిపోయిండు. కన్నతండ్రికి కొరివి పెట్టనీకె గూడ ఆగలే."

"తండ్రా?"

"ఔ. గనుల ఆఫీసుల పెద్ద నౌకరి చేసిండు మా మామ. రెండు నెలల కింద అబిడ్స్‌ల ఏదో మేడ మెట్ల మీదికెళ్లి పడ్డడు. నాంపల్లి దవాఖానల మూడు దినాలున్నడు."

రవిచంద్ర చేతిలోని రాడ్డుని గుమ్మం పక్కన ఆనించాడు.

"నుదురు పగిలింది, పక్కటెముకలు ఇరిగినయి. ఎవరు కొట్టిన్రని పోలీసులు ఎన్ని తీర్ల అడిగిన్రో! ఎవ్వలు కొట్టలే, నేనే జారిపడ్డననుకుంటనే పానం ఇడిసిండు."