గుంత చూపించండి

రోడ్ల ఏఈ గంగాధరరావు జీపు దిగి అటూ ఇటూ చూశారు.

"ఏదయ్యా నీ గుంత?"

ఆటో డ్రైవర్ అల్తాఫ్ రోడ్డు మీద వంగి వెతికాడు.

పద్దెనిమిది రోజుల కిందట, ఈ కొల్లేటి రోడ్డు మీద, ఈ కల్వర్టు పక్కనే అతని ఆటో ముందుచక్రం గుంతలో దిగబడింది. ఫోర్కు వంగింది. ఛాసిస్ చీలింది. ఆటో ఏలూరులో షెడ్డులో పడి ఉంది. ఇంట్లో అందరికీ అదే ఆధారం.

పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరిగితే ఒకటే మాట చెప్పారు. ఏఈగారు వచ్చి గుంత కొలిచి రాస్తే తప్ప ఫైలు కదలదట. బతిమాలగా బతిమాలగా ఇవాళ వచ్చారు.

గుంత లేదు.

దాని నిండా ఇటుక ముక్కలు, నత్తగుల్లలు. పైన దిమ్మిస కొట్టిన మట్టి. పక్కన ఖాళీ తట్టతో ఒక ముసలామె.

"ఇదెవరు పూడ్చారండి?" అల్తాఫ్ ఆమెని అడిగాడు.

"నేనే బాబూ. నిన్నటితో అయింది."

"ఒక్కరోజు ఆగలేకపోయారా?" అల్తాఫ్ ఆ మట్టిని కాలితో తన్నాడు. "నా నోట్లో మట్టి కొట్టారు కదండీ."

ఆమె తల వంచుకుంది.

"నువ్వు పడ్డరోజు ఆ గట్టు మీదే ఉన్నాను. ఆటోలో చంటిపిల్ల కేక పెట్టింది చూడు, ఇంక నావల్ల కాలేదు."

"పూడ్చేవారు ముందే పూడిస్తే నేను పడేవాణ్ని కాదుగా."

ఆమె తట్టకి అంటిన మట్టి దులిపింది.

ఏఈగారు టేపు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. లేని గుంతని ఉన్నట్టు తానెలా రాస్తానంటూ జీపు బానెట్ మీద ఈ రోడ్డు ఫైలు తెరిచారు. పూడ్చిన మనిషి పేరు కూడా రాయమన్నాడు అల్తాఫ్, కసిగా.

"నాంచారమ్మండి," ఆమే చెప్పింది. తట్ట చంకన పెట్టుకుని చేపల చెరువు గట్టు మీదుగా వెళ్ళిపోయింది.

ఏఈగారి పెన్ను ఆగింది. కాగితాలు వెనక్కి తిప్పారు. అల్తాఫ్ అర్జీ కింద ఇంకో అర్జీ ఉంది. అయిదు నెలల నాటిది. ఇదే కల్వర్టు, ఇదే గుంత.

అల్తాఫ్ వంగి చదివాడు.

ఎవరి చేతో రాయించినట్టుంది. చివర వేలిముద్ర.

"అయ్యా, నా భర్త ఈ గుంతలో సైకిలుతో పడి, నడుము విరిగి మంచాన ఉన్నాడు. తమరు వచ్చి చూసేదాకా దీన్ని ఎవరినీ పూడ్చనివ్వకుండా నేనే కాపలా ఉంటాను. ఇట్లు, నాంచారమ్మ."